మేరీ యాన్ షాడ్ కేరీ (1823–1893)

మేరీ యాన్ షాడ్ కేరీ ఉత్తర అమెరికా ఖండమున వార్తాపత్రికను స్థాపించి సంపాదకత్వము నెరపిన ప్రథమ నల్లజాతి వనిత. ఉపాధ్యాయినిగా, కరపత్ర రచయిత్రిగా, ఉపన్యాసకురాలిగా పేరొంది, వార్ధక్యమున న్యాయశాస్త్ర పట్టమును సైతము పొందిన ఈమె, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని డెలావేర్ రాష్ట్రమున, విల్మింగ్టన్ పట్టణమునందు 1823 అక్టోబరు 9న జన్మించి, వాషింగ్టన్ నగరమున 1893 జూన్ 5న మరణించెను. జన్మమును మరణమును అమెరికాకు చెందినవే యైనను, ఆమెకు చరిత్రలో స్థానము కల్పించిన పత్రికాకృషి మాత్రము ఆనాడు కెనడా వెస్ట్ అని పిలువబడిన నేటి అంటారియో రాష్ట్రమున సాగినది.

ఆ పత్రిక పుట్టి పెరిగిన నేలను గూర్చి ముందుగా కొంత చెప్పవలసి యున్నది. టొరంటోకు పడమట సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న కిచెనర్ నగరము, నేడు తెలుగు కుటుంబములు పెక్కింటికి నివాసమైనది, ఆ కాలమున బెర్లిన్ అను పేరుగల జర్మను గ్రామము. 1835లోనే అచ్చట జర్మను భాషలో వార్తాపత్రిక వెలువడినది. ప్రథమ ప్రపంచ యుద్ధ సమయమున జర్మను నామము ధరించుటయే అపరాధముగా తోచగా, 1916లో ఓట్లు సేకరించి, ఆ యేడే సముద్రమున మునిగి మరణించిన లార్డ్ కిచెనర్ పేరును నగరమునకు పెట్టిరి. మన దేశమున సర్వసేనాధిపతిగా నుండి, వైస్రాయి కర్జనుతో కలహించి, ఆయన రాజీనామాకు కారణమైన కిచెనర్ ఇతడే. ఈ బెర్లిన్‌కు వాయవ్య దిశగా, వెల్లెస్లీ, పీల్ టౌన్‌షిప్పులలో, క్వీన్స్ బుష్ అను అరణ్యభూమి యుండెను. సర్వే కాని ఆ ప్రభుత్వ భూమిని 1830ల నుండి నల్లజాతివారు, కొందరు స్వతంత్రులు, కొందరు బానిసత్వమునుండి పారిపోయి వచ్చినవారు, చెట్లు కొట్టి పొలములు చేసికొనిరి. వారి సంఖ్య ఒక దశలో 1,500 వరకు చేరెనని అంచనా. తరువాత ప్రభుత్వము భూమిని కొలిపించి వెల కట్టగా, అర్జీలు పెట్టుకొనియు ఫలము గానక, చెల్లింప శక్తి లేనివారు తాము సాగుచేసిన పొలములనే విడిచి చెల్లాచెదరైరి. శ్రమ తమది, పట్టా పరులది యైన ఈ స్థితిని మన అటవీ ప్రాంతముల చరిత్ర నెరిగిన పాఠకునకు వేరుగ వివరింప నక్కరలేదు. షాడ్ తన పత్రికలో స్వావలంబనమును గూర్చి వ్రాసినపుడు ఆమె యెదుట నున్న పాఠకలోకము ఇట్టిది: స్వేచ్ఛ లభించియు భూమి, విద్య, ఓటు స్థిరపడని జనము.

వారు కెనడాకు వచ్చుటకు కారణము చట్టములే. తరువాత కెనడా వెస్ట్ అనబడిన అప్పర్ కెనడా శాసనసభ 1793లోనే కొత్తగా బానిసలను తెచ్చుటను నిషేధించెను. బ్రిటిషు సామ్రాజ్యమున 1834 ఆగస్టు 1 నుండి బానిసత్వము రద్దయ్యెను. (ఆ శాసనము ఈస్టిండియా కంపెనీ భూభాగములకు వర్తింపలేదు; పైగా విముక్తులైన బానిసల స్థానమున చెరకుతోటలలో పనిచేయుటకు మారిషస్ దీవికి పంపబడిన కూలీలలో తెలుగువారును కలరు. ఒకరి విముక్తి దినము మరొకరి ప్రవాసమునకు నాంది యగుట ఆ సామ్రాజ్య చరిత్రలో అరుదైన సంగతి కాదు.) అమెరికాలో 1850 సెప్టెంబరున వచ్చిన పలాయిత బానిసల చట్టము ఉత్తర రాష్ట్రములలోని నల్లవారికి సైతము నిలువనీడ లేకుండ జేసెను. పట్టుబడినవానికి జ్యూరీ విచారణ లేదు. తన పక్షమున సాక్ష్యము చెప్పుకొను హక్కు లేదు. తీర్పు చెప్పు కమిషనరు, పట్టుబడినవాడు బానిసయే యని నిర్ణయించినచో 10 డాలర్లు, కాదని నిర్ణయించినచో 5 డాలర్లు రుసుము గ్రహించును. న్యాయము ఇట్లు ధర కట్టబడిన దేశమునుండి వేలకొలది జనము సరిహద్దు నది దాటి కెనడా చేరిరి.

మేరీ యాన్ ఆ బానిస కుటుంబములలో పుట్టినది కాదు. తండ్రి ఏబ్రహాం డోరస్ షాడ్ చెప్పులు కుట్టు వృత్తివాడు, స్వతంత్రుడు. పారిపోవు బానిసలకు ఇంట ఆశ్రయమిచ్చి ముందు మజిలీకి సాగనంపిన రహస్య వ్యవస్థలో భాగస్వామి. బానిసత్వ నిరసన పత్రికయైన లిబరేటర్‌కు చందాదారులను కూర్చు ప్రతినిధి. పదుమువ్వురు సంతానములో ఆమె జ్యేష్ఠురాలు. డెలావేర్‌లో నల్లపిల్లలకు చదువు దుర్లభమగుటచేత కుటుంబము పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్‌కు తరలిపోగా, ఆమె క్వేకరు మతస్థుల బడిలో చదివి, యౌవనారంభముననే ఉపాధ్యాయినియై పలు పట్టణములలో నల్లపిల్లలకు పాఠములు చెప్పెను. ఈ తండ్రియే తరువాత కెనడాకు వలసవచ్చి, 1859లో రాలీ టౌన్‌షిప్ మండలికి ఎన్నికై, కెనడాలో ప్రజలచే పదవికి ఎన్నుకొనబడిన ప్రథమ నల్లజాతీయుడయ్యెను. పత్రికలు చదువుట, సభలకు పోవుట, తీర్మానములపై వాదించుట ఆ యింట నిత్యకృత్యములు. కుమార్తె లేఖనికి పదును అచ్చటనే వచ్చినది.

ఆమె రాజకీయ రచన ఒక లేఖతో ఆరంభమైనది. ఫ్రెడరిక్ డగ్లస్ నడుపుచున్న నార్త్ స్టార్ పత్రికలో 1849లో ప్రకటితమైన ఆ లేఖలో, మన సభలలో మాటలు హెచ్చు, చేతలు తక్కువ, ఏండ్ల తరబడి తీర్మానములు చేయుచున్నారేగాని వాని ఫలము కనబడదు అను భావమును ఆమె నిర్మొహమాటముగా తెల్పెను. ఆ యేడే వెలువరించిన చిన్న కరపత్రములో నల్లజాతివారు ఆడంబరములకు వెచ్చించు ధనమును, మత గురువులపై పెంచుకొనిన ఆధారపడు బుద్ధిని విమర్శించెను. ఇరువదియైదేండ్ల యువతి తన సంఘ పెద్దలను ఇట్లు ప్రశ్నించుట నాటికి సాహసమే. ఈ మొదటి రచనలలోనే ఆమె జీవితాంతము వీడని స్వభావము కనబడుచున్నది: పరుల అన్యాయమును ఖండించుటతో ఆగక, స్వజనుల నాయకత్వమును కూడ లెక్క అడుగుట.

1851 సెప్టెంబరున టొరంటోలోని సెయింట్ లారెన్స్ హాలున జరిగిన నల్లజాతి స్వతంత్రుల మహాసభకు వచ్చిన షాడ్, కెనడాలోనే స్థిరపడ నిశ్చయించుకొని, డెట్రాయిట్ నది యొడ్డున నున్న విండ్సర్‌లో, పాతబడిన సైనిక బారకులలో పాఠశాల తెరచెను. అమెరికన్ మిషనరీ సంఘము స్వల్ప వేతన సహాయము చేసెను. క్వీన్స్ బుష్ బడులకు సహాయపడినదియు ఈ సంఘమే. జాతిభేదము లేక ఎవరైనను చేరవచ్చునని ఆమె ప్రకటించినది గాని, వచ్చినవారందరు నల్లవారే. మరుసటి యేడు, అనగా 1852లో, వలసను సమర్థించుచు ఆమె వ్రాసిన 44 పుటల గ్రంథము డెట్రాయిట్‌లో ముద్రితమయ్యెను. కెనడా వెస్ట్ వాతావరణము, నేల సారము, పంటలు, భూమి ధర, కూలి రేట్లు, బడులు, చర్చీలు, ఓటు హక్కు, న్యాయస్థానముల తీరు క్రమముగా వివరించి, వెస్టిండీసుతోను, మెక్సికోతోను, వాంకూవర్ దీవితోను పోల్చి చూపిన ఆ పుస్తకము, బంధుమిత్రుల ఉత్తరములపై ఆధారపడి దేశాంతరము పోవలసినవారికి నమ్మదగిన సమాచారము నిచ్చినది. ఆవేశము తక్కువ, వివరము ఎక్కువ. పత్రికా రచయితకు కావలసిన మొదటి గుణము ఇదియే యని ఈ వ్యాసకర్త నమ్మకము.

విండ్సర్‌లోనే ఆమెకు కలహము ప్రాప్తించినది. కెంటకీలో బానిసగా పుట్టి పలుమారులు పారిపోయి విముక్తుడైన హెన్రీ బిబ్ 1851 జనవరినుండి వాయిస్ ఆఫ్ ది ఫ్యుజిటివ్ అను పత్రికను నడుపుచుండెను. అతని భార్య మేరీ బిబ్ ఉపాధ్యాయిని. వారితో షాడ్‌కు రెండు విషయములందు భేదము కలిగెను. మొదటిది పాఠశాలలు: నల్లపిల్లలకు ప్రభుత్వము ప్రత్యేక పాఠశాల లిచ్చినచో స్వీకరింపవచ్చునని బిబ్ దంపతులు తలపగా, ప్రత్యేక పాఠశాల యనగా వెలివేతకు చట్టపు ముద్ర వేయించుకొనుటయే యని షాడ్ వాదించెను. రెండవది ధనము: బిబ్ మద్దతునిచ్చిన శరణార్థి గృహ సంఘము విండ్సర్ సమీపమున భూములు కొని, 25 ఎకరముల చొప్పున పలాయితులకు ఇచ్చునట్లును, అందు అయిదెకరములు ఉచితముగను, మిగిలిన దానికి వాయిదాలలో సొమ్ము చెల్లించునట్లును ఏర్పరచినది. ఈ సంఘము పేర ఊరూర తిరుగు ప్రతినిధులు, అమెరికాలోని దయాళువుల యెదుట పలాయితుల దైన్యమును చిలువలు పలువలుగా వర్ణించి చందాలు పోగుచేసి, అందులో తమ వంతు తీసికొనుచుండిరి. షాడ్ దీనిని భిక్షాటన మనినది. వచ్చిన సొమ్మెంత, భూమికి పోయినదెంత, ప్రతినిధుల జేబులలో మిగిలినదెంత అని బహిరంగముగా అడిగినది. బిబ్ తన పత్రికలో ఆమె ప్రవర్తనను తూలనాడగా, ప్రత్యుత్తరమునకు ఆమె చేత పత్రిక లేకపోయెను. 1853 ఆరంభమున మిషనరీ సంఘము ఆమెకు సహాయము నిలిపివేసెను; మత సంబంధమైన అభిప్రాయభేదము కారణముగా చూపబడినది గాని, ఈ వివాదము ఆ నిర్ణయమునకు దూరముగా నున్నదని నమ్ముట కష్టము.

ఉద్యోగము పోయిన కొన్ని వారములకే, 1853 మార్చి 24న, ప్రొవిన్షియల్ ఫ్రీమన్ తొలి సంచిక విండ్సర్‌లో వెలువడెను. బానిసత్వ నిరసనము, మద్యపాన నిషేధము, సామాన్య సాహిత్యము తన ధ్యేయములని పత్రిక చాటుకొనెను. స్వావలంబనమే స్వాతంత్ర్యమునకు నిజమైన మార్గమను సూక్తిని తరువాత శీర్షికపై ధరించెను. అయితే సంపాదకుడుగా కనబడినది సుప్రసిద్ధ వక్త సామ్యూల్ రింగోల్డ్ వార్డ్ పేరు. కార్యమంతయు షాడ్ చేయుచుండగా, లోకము స్త్రీ సంపాదకత్వమును సహింపదను భయముతో పెట్టిన తెర యిది. వార్డ్ ఆ సంవత్సరమే విరాళముల నిమిత్తము బ్రిటనుకు వెడలిపోయెను. ఆయన సముద్రము ఆవలి యొడ్డున నుండగనే పేరు మాత్రము పత్రికపై వెలుగుచుండెను. తొలి సంచిక పిమ్మట ఒక సంవత్సర కాలము షాడ్ పట్టణములు తిరిగి ఉపన్యసించి చందాదారులను కూర్చుకొని, 1854 మార్చి 25 నుండి టొరంటోలో వారపత్రికగా క్రమము తప్పక నడపెను. ఆ మధ్యకాలమున బిబ్ ముద్రణాలయము దగ్ధమయ్యెను. ఆయన 1854 ఆగస్టు 1న, విముక్తి దినోత్సవమునాడే, 39 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. కెనడాలోని నల్లవారి వాణిగా ఫ్రీమన్ ఒంటరిగా మిగిలెను.

టొరంటో సంచికలలో అమెరికా కాంగ్రెసు వార్తలు, కెనడా శాసనసభ వ్యవహారములు, నల్లజాతి సభల నివేదికలు, పాఠకుల లేఖలు, వ్యాపార ప్రకటనలు పక్కపక్కనే కనబడును. సంపాదకీయముల స్వరము మెత్తనిది కాదు. బ్రిటిషు ప్రజలుగా మారిన నల్లవారు ఓటు వేయవలెను, భూమి కొనవలెను, శ్వేతజాతివారితో సమానముగా ఒకే బడిలో చదువవలెను, ప్రత్యేక కాలనీలలో ముడుచుకొని కూర్చుండరాదు అనునది పత్రిక రాజకీయ దృక్పథము. దీనికి ప్రతికూలముగా నిలిచినది 1850 నాటి పాఠశాలల చట్టము. నల్లకుటుంబములు కోరినచో ప్రత్యేక పాఠశాల ఏర్పరుపవచ్చునని అందున్న నిబంధనను, నల్లపిల్లలను సామాన్య పాఠశాలలనుండి తరుముటకు శ్వేతజాతి ధర్మకర్తలు సాధనముగా చేసికొనిరి. న్యాయస్థానములును వారి పక్షమునే వహించెను. కోరుకొనినవారికి ఇచ్చిన అనుమతి, కోరనివారిపై నిర్బంధముగా మారిన ఈ చిత్రమును షాడ్ ముందుగానే పసిగట్టినది. బిబ్‌తో ఆమె కలహించినది వ్యక్తిగత ద్వేషముచేత అని వ్రాసిన జీవితచరిత్రకారులు కొందరు కలరు. ఆమె మాట కటువనుట నిజమే, కాని చట్టము నడచిన దారిని చూచినవారికి ఆమె వాదములో బలమెంతయో తెలియును.

షాడ్ పేరు పత్రికపై పొడి అక్షరములతో మాత్రమే అచ్చగుచుండుటచేత పాఠకులు పలువురు ఆమెను పురుషుడని తలచి, లేఖలలో అయ్యా యని సంబోధించుచుండిరి. 1854లో ఆమె ఈ భ్రమను తొలగించి, లేఖలు వ్రాయువారు ఇకమీదట స్త్రీకి వ్రాయుచున్నామని గుర్తింపవలెనని ప్రకటించెను. అటుపై విమర్శ పెరిగినది. పత్రికలోని తప్పు లెన్నువారు వ్రాతను వదలి వ్రాసిన వ్యక్తి స్త్రీత్వమును పట్టుకొనిరి. 1855లో బాప్టిస్టు బోధకుడు విలియమ్ న్యూమన్ సంపాదకుడుగా నియుక్తుడు కాగా, షాడ్ పాఠకులయొద్ద సెలవు గైకొనుచు, తనను ఇష్టపడనివారు ఇక ఒక పెద్దమనిషిని సంపాదకుడుగా పొందుచున్నారని ఎత్తిపొడిచి, నల్లజాతి స్త్రీలతో మాత్రము ఒక మాట చెప్పెను: గడ్డకట్టిన దారిని తాము పగులగొట్టితిమి, తరువాతివారు నడువవచ్చును అని దాని సారాంశము. పదవి వీడినను పని వీడలేదు. పత్రికను ఆ యేడే కెనడా వెస్ట్‌లోని చాథమ్ పట్టణమునకు తరలించి, చందాల వసూలు, ఉపన్యాస యాత్రలు, రచన ఆమెయే చేయుచుండెను. 1856లో తమ్ముడు ఐజాక్ షాడ్, ఫోర్డ్ డగ్లస్ అను వక్త, ఆమె, ముగ్గురును సంపాదకులుగా ప్రకటింపబడిరి.

1855 అక్టోబరున ఫిలడెల్ఫియాలో జరిగిన నల్లజాతి జాతీయ మహాసభలో, స్త్రీని ప్రతినిధిగా చేర్చుకొనుటయా మానుటయా యను విషయముపై తీవ్రమైన చర్చ జరిగి, తుదకు అధిక సంఖ్యాకుల సమ్మతితో షాడ్ ప్రవేశము పొందెను. కెనడా వలసను గూర్చి ఆమె ప్రసంగింపగా, కేటాయించిన సమయము ముగిసినను సభవారే దానిని పొడిగించిరి. అమెరికాలోనే యుండి పోరాడవలెనని సిద్ధాంతీకరించు ఫ్రెడరిక్ డగ్లస్ వలస విషయమున ఆమెతో విభేదించియు, ఆమె శక్తిని పత్రికాముఖముగ మెచ్చుకొనెను.

1856 జనవరిలో ఆమె టొరంటోలో క్షురకశాల నడుపు థామస్ కేరీని వివాహమాడెను. కుటుంబము చాలవరకు రెండు ఊళ్ళ మధ్య విడివిడిగ సాగినది. పత్రికకు కావలసిన ధనము ఎన్నడు సరిపోలేదు. పాఠకులు పేదవారు, చందా బకాయిలు మెండు, 1857 నాటి ఆర్థిక సంక్షోభము మరింత కుంగదీసినది. స్వావలంబనము బోధించిన పత్రిక తానే ఋణముల మీద బ్రతుకవలసివచ్చుటను ఆమె శత్రువులు ఎత్తి చూపకపోలేదు. సంచికల మధ్య విరామములు పెరిగి, ఆ దశాబ్దము ముగియునప్పటికి పత్రిక నిలిచిపోయెను. 1860లో భర్త మరణించగా, ఇద్దరు బిడ్డలతో మరల బడి పంతులమ్మ వృత్తియే ఆమెకు ఆధారమయ్యెను.

ఈ చివరి సంవత్సరములలోనే చాథమ్ పట్టణము పెద్ద ఘటనలకు రంగమయ్యెను. 1858 మే నెలలో జాన్ బ్రౌన్ అచ్చట రహస్య సభ జరిపి, బానిసత్వముపై సాయుధ తిరుగుబాటుకు ప్రణాళిక రచించెను. ఫ్రీమన్ ముద్రణాలయమున పనిచేయు ఓస్బర్న్ ఆండర్సన్ అతనితో కూడి 1859 అక్టోబరున హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారముపై జరిగిన దాడిలో పాల్గొని, ప్రాణములతో బయటపడిన కొద్దిమందిలో నొకడయ్యెను. అతడు 1861లో వెలువరించిన అనుభవ వృత్తాంతమును సిద్ధపరచుటలో షాడ్ కేరీ తోడ్పడెను. 1858లోనే మరియొక సంఘటన: ఒక శ్వేతజాతీయుడు సిల్వేనస్ డెమరెస్ట్ అను నల్లబాలుని రైలులో డెట్రాయిట్ దిక్కునకు తీసికొనిపోవుచుండగా, బానిసగా అమ్మబోవుచున్నాడను అనుమానముతో చాథమ్ నల్లవారు గుంపుగా స్టేషనులో ప్రవేశించి బాలుని దింపివేసిరి, ఈ విషయమున అభియోగము మోపబడినవారిలో ఐజాక్ షాడ్ ఒకడు.

అమెరికా అంతర్యుద్ధము వచ్చినపుడు ఆమె సరిహద్దు దాటి ఇండియానా రాష్ట్రము పక్షమున నల్లజాతి సైనికులను సేకరించు అధికారిణిగా నియుక్తురాలయ్యెను. అట్టి పనిలో స్త్రీ నియుక్తురాలగుట అత్యంత అరుదు. యుద్ధానంతరము వాషింగ్టన్‌లో పాఠశాల ప్రధానోపాధ్యాయినిగా పనిచేయుచు, హోవర్డ్ విశ్వవిద్యాలయమున 1869లో న్యాయవిద్య నారంభించి, నడుమ దీర్ఘ విరామము పిమ్మట, 1883లో, ఇంచుమించు అరువది యేండ్ల వయస్సున పట్టము పుచ్చుకొనెను. (వీరేశలింగముగారు స్త్రీలకొరకు సతీహితబోధినిని ఆరంభించినదియు ఆ సంవత్సరముననే.) ఫ్రెడరిక్ డగ్లస్ నడుపు న్యూ నేషనల్ ఎరా పత్రికకు వ్యాసములు వ్రాసెను, 1874లో కాంగ్రెసు న్యాయసంఘము నెదుట స్త్రీల ఓటు హక్కునకై వాదించెను, 1880లో నల్లజాతి స్త్రీల ఓటుహక్కు సంఘమును నెలకొల్పెను.

ఆమె పిమ్మట ఈ మార్గమున నడచినవారి పరంపర దీర్ఘమైనది. మెంఫిస్‌లో మూకహత్యలపై వ్రాసినందుకు 1892లో పత్రికా కార్యాలయమును పోగొట్టుకొనిన ఐడా వెల్స్, 1946లో నోవా స్కోషియాలో ది క్లారియన్‌ను స్థాపించి సినిమాహాలులో జాతిభేదము నెదిరించిన వయోలా డెస్మండ్ కథను లోకమునకు తెలిపిన కేరీ బెస్ట్, 1947లో వైట్ హౌస్ విలేకరిగా అనుమతి పొందిన ప్రథమ నల్లజాతి వనిత ఆలిస్ డనిగన్ ఇందు ముఖ్యులు. వీరిలో పలువురి కృషి ప్రధానముగా బయటి శత్రువుపై సాగినది. షాడ్ కేరీ పత్రికకు గల వైలక్షణ్యము, స్వజన నాయకులనే బోనులో నిలిపి ప్రశ్నించుట. చరిత్రకారులు ఆమెను ప్రథమురాలుగా పొగడుటలో చూపు శ్రద్ధను ఈ అంశముపై తగినంతగా చూపలేదు. సమాజము పీడింపబడుచున్నపుడు అంతఃకలహము బయట పెట్టరాదని ఆనాడు ఆమెకు హితవు చెప్పినవారు కలరు, వారి భయము నిరాధారము కాదు. బానిస యజమానుల పత్రికలు ఇట్టి వివాదములను ఆనందముతో పునర్ముద్రింపగలవు. ఆమె ఆ ప్రమాదమును ఎరిగియే వ్రాసినది.

కెనడా ప్రభుత్వము 1994లో ఆమెను జాతీయ చారిత్రక ప్రాముఖ్యము గల వ్యక్తిగా గుర్తించెను. విండ్సర్‌లో 2022లో కాంస్య విగ్రహము నెలకొల్పబడెను. 2024లో తపాలా బిళ్ళ వెలువడెను. వాషింగ్టన్‌లో ఆమె నివసించిన గృహము 1976 నుండి జాతీయ చారిత్రక స్థలము. ఆమె పత్రిక ఎదిరించిన ప్రత్యేక పాఠశాలల నిబంధన మాత్రము అంటారియో శాసనముల నుండి తొలగుటకు 1964 వరకు పట్టినది. ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన తొలి నల్లజాతి సభ్యుడు లియొనార్డ్ బ్రెత్‌వెయిట్ దానిపై సభలో గళమెత్తిన పిమ్మటనే అది రద్దయ్యెను. విండ్సర్‌కు సమీపమున కోల్చెస్టర్‌లోని చివరి ప్రత్యేక పాఠశాల 1965లో మూతపడెను.